గోడ ఎప్పుడు మూయాలి? హార్వే వరద తర్వాత హ్యూస్టన్‌లో ఒక ఇంటి మరమ్మతు

ఈ కేసు హ్యూస్టన్ నగరం ఈశాన్య భాగాన ఉన్న కాష్మీర్ గార్డెన్స్ పేటలోని ఒక ఇంటిది. 2017 ఆగస్టు చివర హార్వే తుపాను వరదలో ఆ ఇంట్లో రెండడుగుల నీరు నిలిచింది. యజమానురాలు డెబ్బై దాటిన నల్లజాతి మహిళ, ఒంటరిగా ఉంటారు. మరమ్మతు చేసింది నగర శివారులోని మా తెలుగు క్రైస్తవ సంఘం నుంచి వెళ్లిన స్వచ్ఛంద బృందం. భవన నిర్మాణ పర్యవేక్షణ నా వృత్తి కాబట్టి పని నడిపించే బాధ్యత పాస్టరుగారు నా నెత్తిన పెట్టారు. మిగిలినవారిలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, నర్సులు, చమురు కంపెనీల ఇంజనీర్లు. ఇంట్లో మేకు దిగ్గొట్టాల్సి వచ్చినా మనిషిని పిలిపించుకునే వాళ్లం.

ఇంతకంటే ఘోరంగా దెబ్బతిన్న ఇళ్లలో కూడా పనిచేశాం. అయినా దీని గురించే రాయడానికి కారణం ఉంది. నష్టం మధ్యస్థం, ఇల్లు పాతది, బీమా లేదు, దస్తావేజులు చిక్కుల్లో ఉన్నాయి. స్వచ్ఛంద బృందాల చేతికి వచ్చే ఇళ్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. పని సాగినన్నాళ్లూ బృందంలో నడిచిన వాదన కూడా ఒక్కటే: గోడలు ఎప్పుడు మూయాలి?

వరద ఎలా వచ్చింది

హార్వే 2017 ఆగస్టు 25 రాత్రి టెక్సాస్ తీరంలోని రాక్‌పోర్ట్ దగ్గర నాలుగో శ్రేణి హరికేన్‌గా తీరం దాటింది. గాలి దెబ్బ అక్కడివారికి తగిలింది. హ్యూస్టన్‌ను ముంచింది మాత్రం వానే. తీరం దాటాక కూడా తుపాను ముందుకు కదలక, రోజుల తరబడి ఆ చుట్టుపక్కలే తిరుగుతూ కురిసింది. హ్యూస్టన్‌కు తూర్పున ఉన్న నెదర్లాండ్ అనే ఊళ్లో మొత్తం 60.58 అంగుళాల వాన నమోదైంది. అంటే హైదరాబాద్‌లో ఏడాది పొడవునా కురిసేదానికి దాదాపు రెట్టింపు, కొద్ది రోజుల్లోనే. నగరం చూస్తే బల్లపరుపు నేల, కింద బంకమట్టి. నీరు పోవడానికి ఉన్న దారి బయూలనే నెమ్మది వాగులే. కాష్మీర్ గార్డెన్స్ పక్కన పారేది హంటింగ్ బయూ. అది పొంగితే ముందు మునిగేవి ఈ వీధులే.

హ్యూస్టన్‌లో మునిగిన ఇళ్లలో అత్యధిక భాగానికి వరద బీమా లేదు. మామూలు ఇంటి బీమా వరద నష్టాన్ని కప్పదు. అది వేరే పాలసీ, వేరే ప్రీమియం. వరద ముప్పు పటంలో తమ ఇల్లు లేదని కొందరు, ప్రీమియం భరించలేక కొందరు మానేశారు. వీళ్లకు మిగిలిన ఆసరా కేంద్ర విపత్తు సంస్థ ఫీమా ఇచ్చే గ్రాంటు. ఆ ఏడాది దాని గరిష్ఠ పరిమితి 33,300 డాలర్లు. ఆ గరిష్ఠం దాకా అందుకున్నవాళ్లు తక్కువ. మునిగిన ఇంటిని నిలబెట్టడానికి అది చాలని చోట చర్చిలు, స్వచ్ఛంద సంస్థలు దిగుతాయి.

ఆ ఇల్లు మా దాకా వచ్చిన దారి

మొదటి వారాల్లో సహాయం కోరిన ఇళ్ల చిరునామాలు క్రైసిస్ క్లీనప్ అనే ఉమ్మడి పటంలోకి చేరేవి. ఏ సంస్థ ఏ ఇంటిని తీసుకుందో అందరికీ అందులో కనిపిస్తుంది కాబట్టి ఒకే ఇంటికి రెండు బృందాలు వెళ్లవు. పసుపు చొక్కాల బాప్టిస్టులు, నారింజ చొక్కాల సమారిటన్స్ పర్స్ సంస్థవాళ్లు, మెన్నొనైట్లనే క్రైస్తవ శాఖవాళ్లు దశాబ్దాలుగా ఈ పని చేస్తున్నవాళ్లు. వాళ్ల ట్రక్కుల్లో జనరేటర్లు, పంపులు, వంటశాలలు కూడా ఉంటాయి. మాకు ఉన్నవి రెండు వ్యాన్లు, హార్డ్‌వేర్ దుకాణంలో కొన్న సామాను. అందుకే పెద్దవాళ్లు వదిలిన ఇళ్లను మేం తీసుకునేవాళ్లం.

పటంలో ఒక లోపం ఉంది. ఫోను చేసి అడిగినవాళ్లే అందులో ఉంటారు. ఈ ఇంటావిడ అడగలేదు. పక్కింట్లో పనిచేస్తుంటే, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న ఈవిడను మా నర్సు ఒకామె పలకరించింది. నాకంటే అవసరమున్నవాళ్లు ఉన్నారు, ముందు వాళ్ల ఇళ్లు చూడండి అన్నారట. ఇంట్లో అప్పటికే బూజు వాసన గుప్పుమంటోంది. ఆమె రాత్రిళ్లు అక్కడే పడుకుంటున్నారు. అప్పటినుంచి ఏ వీధికి వెళ్లినా, పటంలో లేని ఇళ్ల తలుపులు కూడా తట్టే పని ఇద్దరికి ప్రత్యేకంగా అప్పగించాం. మాట కలపడం తెలిసినవాళ్లు ఆ పనికి కావాలి. సుత్తి పట్టడం రాకపోయినా ఫరవాలేదు.

గోడ అంటే ఏమిటి

మన దేశంలో ఇటుక, సిమెంటు ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇక్కడి ఇంటికి వరద చేసే హాని వెంటనే అర్థం కాదు. 2014లో హుద్‌హుద్ చూసిన విశాఖ మిత్రుడొకరు మా బృందంలో ఉన్నారు. నీరు పోయింది కదా, కడిగి సున్నం వేస్తే సరిపోదా అని మొదట్లో అడిగారు. ఇక్కడ గోడంటే నిలువు చెక్కలు, వాటికి లోపలివైపు బిగించిన డ్రైవాల్ పలక, మధ్యలో వేడి ఆపే దూది లాంటి పొర. డ్రైవాల్ అంటే రెండు కాగితాల మధ్య జిప్సం. దీపపు ఒత్తి నూనె లాగినట్లు అది నీటిని పైకి లాగుతుంది. రెండడుగుల నీరు నిలిస్తే తడి మరింత పైకి పాకుతుంది. పైకి పొడిగా కనిపించే పలక వెనక కాగితం బూజుకు మంచి మేత. ఆ వేడిలో, ఆ తేమలో ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది.

డ్రైవాల్ పలక వెడల్పు నాలుగడుగులు. దాన్ని అడ్డంగా బిగిస్తారు కాబట్టి నీరు రెండడుగులే వచ్చినా కోత నాలుగడుగుల దగ్గర వేస్తాం. తిరిగి బిగించేటప్పుడు పూర్తి పలక సరిగ్గా కూర్చుంటుంది, ముక్కలు అతికే పని తప్పుతుంది.

ఈ ఇల్లు 1978కి ముందు కట్టింది. ఆ సంవత్సరంలోనే అమెరికాలో ఇళ్లకు వేసే సీసపు రంగు నిషేధమైంది. అందుకని పాత రంగును పొడిగా గీకవద్దని, తడిపి తీయాలని, గర్భిణులూ చిన్నపిల్లలూ లోపలికి రాకూడదని ముందే చెప్పేశాం. ఇల్లు నేలమీద కాకుండా దిమ్మెల మీద నిలిచి ఉంది, కింద మనిషి పాకేంత ఖాళీ. పలక తీస్తే దాని వెనక షిప్‌ల్యాప్ కనిపించింది. పాతకాలపు హ్యూస్టన్ ఇళ్లలో గోడంతా అడ్డంగా కొట్టిన చెక్కలివి. వాటి మీద పల్చటి గుడ్డ, దాని మీద పూల కాగితం, ఆ తర్వాత మరో కాగితం, వాటన్నిటి పైన ఎప్పుడో బిగించిన డ్రైవాల్. ఒక్కో పొర ఊడుతుంటే పెద్దావిడ దూరం నుంచి చూసి, అది మా అమ్మ వేయించింది, ఇది నేను బడికి వెళ్లే రోజుల్లోది అని చెబుతూ ఉండేవారు.

తీసివేత

ఏదీ తాకకముందే ఫొటోలు తీయాలి. ప్రతి గదికీ నాలుగు మూలల నుంచి, నీటి గీత కనిపించేలా, పక్కన కొలత టేపు పెట్టి. ఈ ఫొటోలు తర్వాత ఫీమా అప్పీలుకు పనికొచ్చాయి. రెండో పని అనుమతి పత్రం మీద సంతకం. మూడోది చెత్తను విడివిడిగా పోయడం: కొమ్మలూ ఆకులూ ఒకవైపు, కూల్చిన గోడల సామాను ఒకవైపు, ఫ్రిజ్జులూ వాషింగ్ మెషీన్లూ ఒకవైపు, టీవీలు ఒకవైపు, రంగు డబ్బాలూ పురుగుమందులూ ఒకవైపు. కుప్ప నీటి మీటరు మీద, చెట్టు కింద పోస్తే నగరపాలక లారీ యంత్రం దాన్ని ఎత్తలేదు. కుప్ప నెలల తరబడి అక్కడే ఉండిపోతుంది.

ఫ్రిజ్ గురించి ఒక మాట. కరెంటు పోయి వారాలైన ఫ్రిజ్‌ను తెరవకూడదు. తలుపు చుట్టూ డక్ట్ టేపు మూడు చుట్లు చుట్టి, నిలువుగానే బయటికి మోయాలి. ఉదయం ప్రార్థన అయ్యాక ఈ మాట రెండుసార్లు చెప్పినా, లోపల ఏముందో చూద్దామని ఒక కుర్రవాడు తలుపు లాగాడు. ఆ మధ్యాహ్నం ఆడవాళ్లు ఎంతో శ్రద్ధగా చేసి తెచ్చిన పులిహోర, కోడికూర చాలామంది ముట్టలేకపోయారు.

పలక, దూది తీసేశాక చెక్కల్లో మిగిలిన మేకులు ఒక్కొక్కటీ పీకాలి. ఎవరికీ ఇష్టం లేని పని ఇది, కానీ వదిలేస్తే కొత్త పలక సమంగా కూర్చోదు. తర్వాత డిటర్జెంటుతో చెక్కలు రుద్ది కడిగి, బూజు మందు కొట్టాం. బ్లీచ్ పోస్తే చాలునన్న నమ్మకం చాలామందిలో ఉంది. చెక్క లోపలికి దిగిన బూజు మీద దాని ప్రభావం అంతంతే, పైగా అమ్మోనియా ఉన్న మందుతో కలిస్తే విషవాయువు పుడుతుంది. మా సామాను పెట్టెలో బ్లీచ్ పెట్టలేదు. వంటింట్లో చెక్క నేల మీద పరిచిన వినైల్ షీటు కూడా లాగేశాం. అది ఉన్నంతకాలం కింది చెక్క ఆరదు.

ఆరబెట్టడం

గోడల పని నిలిచిపోయింది ఇక్కడే. రెండు సూదులున్న తేమ మీటరును చెక్కలో గుచ్చితే శాతం చూపిస్తుంది. నేను పెట్టుకున్న నియమం: గోడ అడుగు చెక్కతో సహా అన్నిచోట్లా 15 శాతం కిందికి దిగితే తప్ప పలక బిగించకూడదు. మొదటి రోజు అడుగు చెక్కలో 30 దాటింది. ప్రతి గదిలో గుచ్చిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టి, తేదీ, అంకె అక్కడే చెక్క మీద రాశాం. మళ్లీ వచ్చేవాళ్లు అదే చోట గుచ్చాలి. వేరేచోట గుచ్చి ఆరిందనుకుంటే ప్రమాదం.

హ్యూస్టన్ గాలిలోనే తేమ ఎక్కువ. కిటికీలు తెరిచి ఫ్యాన్లు పెడితే ఆరుతుందని అందరూ అనుకుంటారు. తేమ పీల్చే యంత్రం నడుస్తుంటే మాత్రం కిటికీలు మూసే ఉంచాలి, లేకపోతే అది ఊరంతటి గాలినీ ఆరబెట్టాలని చూస్తుంది. పొరుగువాళ్లు పాపం మంచి మనసుతో వచ్చి కిటికీలు తెరిచి వెళ్లేవారు. చివరికి ప్రతి కిటికీకీ పెద్ద అక్షరాలతో చీటీ అంటించాల్సి వచ్చింది.

ముందు గదులు నెమ్మదిగా దారికొచ్చాయి. షిప్‌ల్యాప్ చెక్కలు పాత గట్టి కలప, మొండిగా ఉన్నా చివరికి ఆరాయి. వంటింట్లో సింకు వెనక మూల మాత్రం 22 దగ్గర ఆగిపోయింది. ఎన్నిసార్లు చూసినా అంతే.

ఆ సమయంలోనే వేరే రాష్ట్రం నుంచి ఒక కళాశాల యువజన బృందం వచ్చింది. శనివారమంతా డ్రైవాల్ బిగించాలని తయారై వచ్చారు. మా సంఘ పెద్దల్లోనూ ఒత్తిడి పెరిగింది. నవంబరులో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండగ దగ్గర పడుతోంది, పెద్దావిడకు గోడలు చూపిద్దాం, ఆ ఒక్క మూల తర్వాత చూసుకుందాం అన్నారు. పెద్దావిడకూ అదే కోరిక. వద్దన్నాను. ఆ రోజు మాటలు కొంచెం పెరిగాయి. విమానం ఖర్చు పెట్టుకుని వచ్చిన పిల్లల్ని వెనక్కి పంపిస్తావా అని ఒక పెద్దాయన నిలదీశారు.

పిల్లల్ని వెనక్కి పంపలేదు. రెండు వీధుల అవతల ఆరిన ఇల్లు మరొకటి ఉంది, వాళ్లను అక్కడికి మళ్లించాం. ఏకకాలంలో ఇళ్లు వేరువేరు దశల్లో ఉండేలా చూసుకుంటే, ఏ బృందం వచ్చినా చేతికి పని దొరుకుతుంది. ఒక్క ఇల్లే పెట్టుకుని కూర్చుంటే, వచ్చినవాళ్ల ఉత్సాహమే ఆ ఇంటి పని ఎప్పుడు జరగాలో నిర్ణయిస్తుంది. చర్చి బృందాలు చేసిన మరమ్మతుల్లో బూజు తిరగబెట్టిన ఇళ్లు నేను చూశాను. తొందరపడి మూసిన గోడలే అవన్నీ.

ఆ మూల సంగతి తేల్చడానికి మా అందరిలో సన్నగా ఉన్న కుర్రవాడు టార్చ్ పట్టుకుని ఇంటి కిందికి పాకాడు. కాసేపటికి లోపలినుంచి, అంకుల్, ఇక్కడ వాన పడుతోంది అని అరిచాడు. సింకు నుంచి దిగే మురుగు గొట్టం కీలు దగ్గర చుక్క చుక్కగా కారుతోంది. చుట్టూ మట్టి గుంట పడి, దూలం అడుగు నల్లగా మారి ఉంది. వరదకు సంబంధం లేని పాత లీకేజీ అది, ఏళ్ల తరబడి సాగి ఉంటుంది. మూల మూసేసి ఉంటే కొత్త గోడ వెనక అలాగే కారుతూ ఉండేది. లైసెన్సు ఉన్న ప్లంబరు వచ్చి గొట్టం మార్చాడు. ప్లంబింగ్, కరెంటు పనుల్లో స్వచ్ఛందులు చేయి పెట్టకూడదన్నది మా కచ్చితమైన నియమం. పర్మిట్, తనిఖీ లేకుండా చేసిన వైరింగ్ వల్ల రేపు ఏదైనా జరిగితే ఇబ్బంది పడేది యజమానే. చెడిన దూలం ముక్కకు జోడుగా కొత్త చెక్క బిగించాం. ఆ తర్వాత మీటరు అంకె దిగడం మొదలైంది.

మూసేటప్పుడు

పలకను నేలకు అరంగుళం ఎత్తులో ఆపి, ఆ సందును అడుగు పట్టీతో కప్పాం. నేల మీద కొద్దిగా నీరు పడినా పలక లాగదు. నాలుగడుగుల కోత దగ్గర గోడ చుట్టూ అడ్డంగా ఒక చెక్క పట్టీ పెట్టాం. చూడడానికి అలంకారంలా ఉంటుంది. ఇంకోసారి నీరు వస్తే పట్టీ విప్పి కింది పలక ఒక్కటే తీయవచ్చు, పైగోడకు ఏమీ కాదు. ఈ ఉపాయం అనుభవమున్న ఒక మెన్నొనైట్ వడ్రంగి చెప్పాడు. బాప్టిస్టులు, మెన్నొనైట్లు, మెథడిస్టులు, మాలాంటి స్వతంత్ర సంఘాలవాళ్లు సిద్ధాంతాల మీద కూర్చుంటే ఒక పూట కూడా కలిసి నడవలేరేమో. మీటరు అంకె విషయంలో మాత్రం ఈ శాఖల మధ్య భేదాభిప్రాయం రాలేదు.

ప్రార్థన గురించి కూడా అడుగుతుంటారు కాబట్టి చెబుతాను. సంఘంలో ఒక వర్గం, ప్రతి ఇంట్లో సువార్త కరపత్రాలు పంచాలని పట్టుబట్టింది. పాస్టరుగారు ఒప్పుకోలేదు. ఇల్లు కూలిపోయిన మనిషి మొహమాటానికి తల ఊపుతాడు, అది విశ్వాసం కాదు అన్నారు. సహాయానికి షరతు లేదు, వాళ్లు అడిగితేనే ప్రార్థన. ఈ ఇంట్లో ఆ చర్చకే తావు లేకపోయింది. పెద్దావిడ తన చర్చిలో ఎన్నో ఏళ్లు ఆదివారపు బడి నడిపినవారు. అక్కడి మర్యాద ప్రకారం పేరు ముందు మిస్ చేర్చి పిలిచేవాళ్లం. ఆమె మా కుర్రవాళ్లందరినీ బేబీ అనేవారు. రోజూ పని మొదలయ్యే ముందు మా చేతులు పట్టుకుని ప్రార్థన చేసింది ఆమే. కీర్తనలు కంఠతా చెబుతుంటే మా సండే స్కూల్ టీచర్లు తలలు దించుకున్నారు.

కాగితాల సంగతి

ఫీమా మొదటి ఉత్తరంలో అర్హత లేదని వచ్చింది. కారణం ఇల్లు ఇంకా చనిపోయిన తల్లి పేరు మీదే ఉండడం. తల్లి పోయి చాలా ఏళ్లయింది, పన్ను మాత్రం ఈవిడే కడుతున్నారు, వీలునామా లేదు, అన్నదమ్ముల్లో ఒకరు వేరే రాష్ట్రంలో ఉన్నారు. తరతరాలుగా కోర్టు మెట్లెక్కకుండా చేతులు మారిన ఇళ్లు ఇక్కడి నల్లజాతి పేటల్లో చాలా ఉన్నాయి. అలాంటివాళ్లకు మొదటి ఉత్తరం చూసి ఆశ వదులుకోవడమే అలవాటు. కానీ ఆ ఉత్తరం ఆఖరు మాట కాదు. తేదీ నుంచి 60 రోజుల్లో అప్పీలు చేయవచ్చు.

ఉచిత న్యాయ సహాయం చేసే లాయరు ఒకామె వారసత్వ అఫిడవిట్ తయారు చేయించింది. కుటుంబంతో సంబంధం లేని, వాళ్ల చరిత్ర తెలిసిన ఇద్దరు సాక్షులు కావాలి. పక్కవీధిలో ఉండే వృద్ధ దంపతులు ముందుకొచ్చారు. దాన్ని కౌంటీ (ఇక్కడి జిల్లా) రికార్డుల్లో నమోదు చేయించి, మా ఫొటోలు, నీటి గీత కొలతలు, పన్ను రసీదులు జతచేసి అప్పీలు పంపాం. గ్రాంటు వచ్చింది. గరిష్ఠ పరిమితికి అది చాలా దూరం, అయినా ప్లంబింగ్, కరెంటు ఖర్చులు గట్టెక్కాయి. మిగతా సామాను స్థానిక పునరుద్ధరణ కమిటీ, మా సంఘం భరించాయి. మేము ఇచ్చినదాన్నంతా వస్తువులుగానే ఇచ్చి, దేనికి ఎంతో రాసి ఆమె ఫైల్లో పెట్టాం. ఒకే అవసరానికి రెండుచోట్ల డబ్బు తీసుకున్నారన్న ప్రశ్న వస్తే, ప్రభుత్వం తన వాటా వెనక్కి అడగవచ్చు.

గోడలు మూసింది మరుసటి ఏడాది వసంతంలో. 2019 సెప్టెంబరులో ఇమెల్డా తుపాను వానకు ఆ వీధి మళ్లీ మునిగింది. నీరు ఇంటి మెట్ల దాకా వచ్చి ఆగింది. ఇంటి కింది చెక్కలకు మళ్లీ మీటరు గుచ్చి చూశాం, కొన్ని వారాల్లో మామూలుకొచ్చాయి.

అదే ఏడాది టెక్సాస్‌లో చట్టం మారింది. వారసత్వంగా వచ్చిన ఇంట్లో ఉంటున్నవాళ్లు పూర్తి హక్కు పత్రం లేకపోయినా ఇంటి పన్ను మినహాయింపు కోరడం తేలికైంది. వరద కోసం చేయించిన అఫిడవిట్ ఆమెకు అక్కడా పనికొచ్చింది. 2021లో ఫీమా కూడా పద్ధతి మార్చుకుంది. వేరే పత్రాలు దొరకని పక్షంలో యజమాని ఇచ్చే స్వీయ ధ్రువీకరణను ఇప్పుడు అంగీకరిస్తోంది. పాత ఇళ్లున్న పేటలకు వెళ్లే బృందాలు పార పట్టే ముందే, మొదటి రోజున యజమానికి ఈ సంగతి చెప్పాలి. ఉత్తరంలో అర్హత లేదని ఉంటే దాని మీది తేదీ చూసి రాసుకోవాలి.